అగరొత్తి అయిపోయేదాకా

ఏడాదంతా పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేస్తూ కూర్చుంటే నడుం పట్టేసింది. దేశంగాని దేశంలో, వెస్ట్‌మీడ్‌లో అద్దెకున్న రోజులవి. పక్కనే టూంగాబీలో సరుకుల కొట్టు నడిపే హైదరాబాదీ భాయ్ నన్ను చూసి, "గిట్ల వంగి నడిస్తె ఎట్ల సాబ్? మా మాస్టర్ దగ్గరికి రాండ్రి" అని ఒక శనివారం పొద్దున లాక్కుపోయాడు.

మాస్టరంటే డెబ్బై దాటిన చైనా పెద్దాయన. అద్దె హాల్లో కుంగ్‌ఫూ నేర్పేవాడు. నేర్పేవాడు అనడం నా మర్యాద. నాకు చెప్పింది నిలబడమని మాత్రమే. కాళ్లు ఎడంగా పెట్టి, గుర్రమెక్కినట్టు కుంగి, ఒక అగరొత్తి కాలి బూడిదయ్యేదాకా కదలకూడదు. అలా నిలిచినవాడే శిష్యుడు. అంతవరకూ ఒక్క దెబ్బ కూడా చూపించడు.

ఎనిమిది నెలలు నిలబడ్డాను. మొదట్లో సగం అగరొత్తికే, పోనుపోను ఇంకాస్తలో అయిపోతుందనగా తొడలు వణికి కూలబడేవాణ్ణి. ఆయన తిట్టేవాడు కాదు, అందుకే ఇంకా ఒళ్లు మండేది. ఇంజనీరింగ్ చదివి, వీసా తెచ్చుకుని ఇంత దూరం వచ్చింది గోడకేసి చూస్తూ వణకడానికా అనుకునేవాణ్ణి. మళ్లీ శనివారం అక్కడే ఉండేవాణ్ణి. ఆఫీసులో చేసే పని ఎవరికీ కనబడేది కాదు. ఏమీ జరక్కపోవడమే దాని ఫలితం. ఈ ఒక్కటైనా నువ్వు చేశావని ఎవరైనా అనాలని ఉండేది.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లేవీ ఆగలేదు, మా ఉద్యోగాలే ఆగాయి. దేశానికి ఆ చివరనున్న పెర్త్‌లో, కానింగ్ వేల్ గోడౌన్లలో చిన్న కాంట్రాక్టు దొరికింది. బయల్దేరడానికి పది రోజులుంది.

ఆ శనివారం మాస్టర్ దగ్గర అగరొత్తులు నిండుకున్నాయి. పూజకని భాయ్ కొట్లో కొన్న ప్యాకెట్ నా బ్యాగులో ఉంటే తీసిచ్చాను. ఇసుక గిన్నెలో గుచ్చి వెలిగించాడు. నిలబడ్డాను. చెమట కళ్లలోకి దిగింది. కాసేపటికి ఆ కాళ్లు నావి కావనిపించింది. బొటనవేలంత మిగిలి ఉండగా కూలిపోయాను.

మాస్టర్ వచ్చి భుజం మీద చెయ్యేసి, తనకొచ్చిన నాలుగు ఇంగ్లిషు ముక్కల్లో, "వచ్చే శనివారం రా. టీ" అన్నాడు.

సంబంధం నచ్చనివాళ్లూ, ఉద్యోగం లేదనేవాళ్లూ మనవైపు చివర్లో అనేది అదే కదా, టీ తాగి వెళ్లండని. ఓడినవాడికి ఓదార్పు టీ నాకక్కర్లేదనుకున్నాను. పౌరుషం ఒకటి! ఆ శనివారం పెట్టెలు సర్దుకుంటూ ఇంట్లోనే ఉండిపోయాను.

పెర్త్ వెళ్లిన నెలకి భాయ్ ఫోన్ చేశాడు.

"గా దినం ఎందుకు రాలే సాబ్? శిష్యుడు మోకాళ్ల మీద కూసుని టీ ఇయ్యాలె, మాస్టర్ తాగాలె. గప్పుడే శిష్యుడైనట్టు, గది వాళ్ల రివాజు. మీ కోసం కోటు ఏసుకుని కుర్చీల కూసున్నడు."

"నేను పడిపోయాను కదా భాయ్!"

"మన అగర్బత్తి వాళ్ల దానికి రెండింతలు కాలుతది. మీరు గెలిచి ఎంతసేపాయె! ఆయన పన్నెండు దాకా చూసిండు. కెటిల్ల నీళ్లు సల్లారితే మల్ల కాగబెట్టిండు."

ఫోన్ పెట్టేసి, గోడౌన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నువ్వు గెలిచావన్న ఒక్క మనిషినీ నేనే ఎదురుచూస్తూ కూర్చోబెట్టి వచ్చేశాను.