వెనకవేలు లేని గువ్వ

"వదిలేస్తే అవే ఇంటికొచ్చేస్తాయిగా ఆంటీ?" అని అడిగాడు చక్రి.

పెళ్ళిళ్ళకు, ఓపెనింగ్‌లకు స్టేజీలు కట్టే మనిషి అతను. కంకిపాడులో ఓ బట్టల షాపు ఓపెనింగ్‌కి తెల్ల గువ్వల జంట కావాలని గుణదల వచ్చాడు.

"రావు బాబూ. ఇంటికొచ్చేవి పావురాలు. ఇవి పుట్టడమే పంజరంలో పుట్టాయి. పిల్లిని చూసి పారిపోవాలని కూడా తెలీదు వీటికి," అంది రాజేశ్వరి.

ఆ నెల పెళ్ళిళ్ళు లేక ఆమెకు పని పలచగా ఉంది. పంజరం తలుపు తియ్యకూడదన్న ఒప్పందం మీద రెండు వేలకి సరేనంది. చక్రి ఐదొందలు చేతిలో పెట్టాడు. ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఆ మాట ఇప్పుడు ఆమే అంటుంది.

రాజేశ్వరిది నేత కుటుంబం. ఇంట్లో మగ్గం అత్తగారితోనే ఆగిపోయింది. ఈమె చీర కొంగులకు కుచ్చులు వేస్తుంది. భర్త దేవేంద్ర షాపుల నుంచి చీరలు బండి మీద తెస్తాడు, పనయ్యాక తిరిగి ఇచ్చొస్తాడు. నాలుగేళ్ళ కిందట పక్క వాటాలో వాళ్ళు ఇల్లు మారుతూ ఈ జంటను వదిలేసి పోయారు. గుప్పెడు కొర్రలేగా అనుకుని లోపలికి తెచ్చుకుంది.

గువ్వలనగానే మనవాళ్ళు శాంతి, దాంపత్యం అంటూ మొదలుపెడతారు. రాజేశ్వరి నేర్చుకున్నవి వేరు. గింజలతో పాటు కాస్త ఇసుక, గుడ్డుపెంకు పొడి పెట్టాలి. లేకపోతే ఆడదానికి గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది. మగది తల వంచి వంచి కూసేది వినయంతో కాదు, ఆడదాని ముందు గొప్పకు. చెయ్యి పైనుంచి పెడితే డేగ వచ్చిందనుకుని బెదురుతాయి, కిందనుంచి చాచాలి. ఇవన్నీ చూసి నేర్చుకుంది. ఒక్కటి మాత్రం చేజార్చుకుని నేర్చుకుంది.

సాయంత్రాలు గువ్వలను గదిలో తిరగనిచ్చేది. కుచ్చులు కత్తిరించగా పడ్డ పట్టుపోగొకటి ఆడదాని కాలికి చుట్టుకుని బిగిసింది. ఆమె చూసేసరికి వెనకవేలు నల్లబడింది. వారం తిరగకుండా రాలిపోయింది.

"చీరలో పోగు తప్పితే గుమ్మంలోంచే కనిపెడతానండీ. దాని కాలి మీదిది కనిపెట్టలేకపోయాను," అంటుంది ఇప్పటికీ.

అప్పటినుంచి పంజరం తెరిచే ముందు నేలంతా తడిగుడ్డతో తుడుస్తుంది, తర్వాత వంగి మళ్ళీ చూస్తుంది. వెనకవేలు లేని గువ్వకు పుల్ల మీద పట్టు చిక్కదు. అందుకని దానికి పంజరంలో ఒక చెక్కపలక అమర్చింది.

ఓపెనింగ్ రోజున ఓ పెద్దమనిషి మైకు పట్టుకుని, మూగజీవాలకు స్వేచ్ఛనిస్తే ఎంతో పుణ్యం అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో పంజరం తలుపు తీశారు. పరాయివాళ్ళ పక్షితో చేసే పుణ్యానికి పైసా ఖర్చుండదు. మగది షామియానా మీద వాలితే పట్టుకున్నారు. ఆడది కనబడలేదు. చక్రి ఫోన్ చేశాడు.

భార్యాభర్తలు బండి మీద వెళ్ళేసరికి అందరూ తలలెత్తి కరెంటు తీగలూ చెట్లూ వెతుకుతున్నారు.

"అక్కడుండదు. దానికి పట్టు లేదు. చదునుగా ఉన్నచోట చూడండి," అంది రాజేశ్వరి.

"చదునంటే, కంకిపాడు మొత్తం చదునేనే," అన్నాడు దేవేంద్ర.

ఆమె నవ్వలేదు. మగదాని పంజరాన్ని షాపు వెనక నీడలో పెట్టించింది. మైకు ఆపమంది.

"ఇంకా ఇద్దరు మాట్లాడాలి ఆంటీ."

"మాట్లాడినంత చాలు. మీ మాటల వల్లే కదా ఇది."

మైకు ఆగింది. పావుగంటకు మగది కూసింది. వెనకవైపు మేడ రెండో అంతస్తు సన్‌షేడ్ మీంచి సన్నగా జవాబొచ్చింది. దేవేంద్ర నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె ఎక్కి, చెయ్యి కిందనుంచి చాచి, అలాగే ఉండిపోయింది. గువ్వ చాలాసేపు చూసింది. తర్వాత ఆ మూడువేళ్ళ కాలు ముందుకేసి అరచేతిలోకి వచ్చింది.

మొన్న చక్రి మరో రిసెప్షన్‌కి అడగడానికొచ్చాడు. ఇవ్వనంది. మొదటిదానికి ఇవ్వాల్సిన పదిహేను వందలు అతను ఇంకా ఇవ్వలేదు.