రూతమ్మత్త దొరకు నేర్పిన ఇనాము మర్యాద

మా రూతమ్మత్త మార్కాపురం రోడ్డు టేసన్లో రైలును ఒంటి చేత్తో ఆపేసింది. ఇంజను ముందుకు లాగుతుంటే ఈమె వెనక్కి లాగింది. చక్రాలు తిరిగిన చోటనే తిరిగి నిప్పురవ్వలు రాల్చినాయి. అప్పటికి నేను మా అమ్మ కడుపులో ఉన్నాను గాని, నాకు బాగా గుర్తు.

ఎందుకు ఆపిందంటే, దొరల వేట సంగతి చెప్పాల. ఆ కాలంలో మద్రాసు దొరలు ఈ టేసన్లో దిగి, బండ్లు కట్టించుకొని, యర్రగొండపాలెం అవతల నల్లమలకు వేటకు పోయేవాళ్ళు. డేరాలు, పెట్టెలు మోయడానికి మా నాయనతో కలిపి మా ఊరోళ్ళు ఏడుగురు పోయినారు. నీళ్ళు మోయడానికి రూతమ్మత్త పోయింది. కూలి రోజుకు నాలుగణాలు. అది కాక, వేట ముగిసి రైలెక్కేటప్పుడు దొర సంతోషపడి ఇచ్చేది ఇనాము. ఇనాము ఎవరి చేతిలో పడినా, వెంట పోయినోళ్ళందరికీ సమానం. అది మావాళ్ళ కట్టుబాటు.

ఆ ఏడాది వచ్చిన దొర మంచోడే. కళ్ళద్దాలు లేకపోతే మాత్రం పులికీ బర్రెకూ తేడా తెలియదు. అడివిలో ఆ అద్దాలు గడ్డిలో పడిపోతే, మా నాయన పిచ్చయ్య పొద్దుగూకేదాకా మోకాళ్ళ మీద పాకి వెతికి తెచ్చినాడు. దొర అది మరిచిపోలేదు. రైలెక్కే ముందు మా నాయన అరచేతిలో పది రూపాయల నోటు పెట్టి, భుజం తట్టి, రైలు పెట్టెలోకి పోయినాడు.

మనుషులు ఎనిమిది మంది, నోటు ఒకటి. చిల్లర చేసి పంచుదామని మా నాయన టేసను బయట రంగయ్య దుకాణానికి పోయినాడు. రంగయ్య ఒకసారి నోటును చూసినాడు, ఒకసారి మా నాయన చినిగిన గోచీని చూసినాడు.

"ఎక్కడిదిరా ఇది?"

"దొర ఇచ్చినాడన్నా, ఇనాము."

"పది రూపాయలా? దొర నీకేమన్నా మేనమామా? ఎవరి పెట్టెలో చెయ్యి పెట్టినావో చెప్పు!"

చెప్పేలోపల మోకు తెచ్చి గుంజకు కట్టేసినాడు. "పోలీసోళ్ళు వస్తారు, వాళ్ళకు చెప్పుకో" అన్నాడు. జనం మూగినారు. వెంట వచ్చిన ఆరుగురు మగోళ్ళు, అడివిలో ఎలుగ్గొడ్డును అదిలించినోళ్ళు, ఇక్కడ నేల చూపులు చూస్తా నిలబడినారు. రైలు పోతే దొర పోతాడు. దొర పోతే మా నాయన మాట నమ్మేవాడు లేడు. ఆపైన జైలే.

రూతమ్మత్త కడవ దించింది. "తమ్ముడూ, భయపడొద్దు, ఇప్పుడే వస్తా" అని టేసన్లోకి పరిగెత్తింది. రైలు సంగతి ఇంతకు ముందే చెప్పినాను.

"దొరా, దిగు! నీ ఇనాము మా తమ్ముణ్ణి గుంజకు కట్టించింది."

దొరకు పుస్తకాల తెలుగు వచ్చు. "నేను సంతోషముతో ఇచ్చితిని కదా!" అన్నాడు బిత్తరపోయి.

"ఇచ్చింది మంచిదే, నాయనా. ఇచ్చే తీరు తెలియలేదు. మాబోటోళ్ళ దగ్గర పెద్ద నోటు కనబడితే దొంగలంటారు. చిల్లర ఇయ్యి. ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టు. నలుగురు చూస్తుండగా పెట్టు."

దొర టోపీ తీసి చేతపట్టుకొని ఆమె వెనకాలే వచ్చినాడు. ఆయన్ని చూడంగానే రంగయ్య వేళ్ళు ముడి విప్పడం మొదలుపెట్టినాయి. "పిచ్చయ్య మావాడే దొరా, ఊరికే ఎగతాళికి..." దొర గల్లాపెట్టె చూపించినాడు. ఆ నోటుకు చిల్లర రంగయ్యే తీసి ఇయ్యాల్సి వచ్చింది. మనిషికి రూపాయి పావలా, దొర తన చేత్తో పెట్టుకుంటా వచ్చినాడు, మొదట మా నాయనకు. ఆఖరున తన జేబులోది కూడా కలిపి రూతమ్మత్త చేతిలో రెండు రూపాయలు పెట్టబోతే, "నాకూ అందరితో సమానమే" అని మిగతాది తిరిగి ఇచ్చేసింది.

మరుసటేడు ఆ దొర చిల్లర సంచీతో దిగినాడు. ఆఫ్రికాలో సింహాల వేటకు పోయే దొరలు కూడా ఇప్పుడు ఇదే మర్యాద పాటిస్తున్నారంట. అక్కడికి ఎవరు నేర్పినారో నేను వేరే చెప్పాల్నా?

మా నాయన బతికినన్నాళ్ళూ, కందులు కొట్టినప్పుడు మొదటి చేటెడు రూతమ్మత్త ఇంటికే పోయేది. ఇప్పుడు నేను తీసుకొని పోతున్నాను. దొంగ కొడుకు అనే పేరు లేకుండా నేను భూమ్మీద పడినానంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఈ మాట నేను ఎన్ని చేటల కందులతో చెప్పినా సరిపోదు. అందుకే రాసినాను. రాసింది మొన్న ఆమెకు చదివి వినిపించినాను. కందులు చెరుగుతానే విన్నది.

"రైలును నేను ఆపింది లేదు అల్లుడా. ఇంజనుకు నీళ్ళు పడతా ఉండినారు. పోయి పిలిచినాను, ఆయన దిగినాడు."