బతికున్నవాడికి శోకం

భవాని పేట్‌లో ఎవరింట్లో చావైనా మొదటి కబురు చుట్టాలకు కాదు, మల్లమ్మకు వెళ్లేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, చేతిలో సగం చుట్టిన బీడీ ఎక్కడివక్కడ పెట్టేసి, కొంగు దులుపుకుని బయల్దేరేది. చచ్చినవాడి కాళ్ల దగ్గర కూర్చుని ఆమె శోకం ఎత్తుకున్నదంటే, బతికినన్నాళ్లూ వాడిని తిట్టిపోసిన వదినలు కూడా ముక్కు చీదాల్సిందే. శోకమంటే ఊరికే ఏడవడం కాదు. మనిషి ఏ ఊరి నుంచి సోలాపూర్ వచ్చాడు, ఎవరి మగ్గం మీద కూర్చున్నాడు, ఏ కూరంటే ప్రాణం పెట్టేవాడు, ఎవరి పెళ్లిలో అలిగి పస్తు పడుకున్నాడు, అన్నీ పేరు పెట్టి పిలుస్తూ రాగం తీసి చెప్పాలి. అదయ్యాక ఇంటికొచ్చి అన్నం వండి, మళ్లీ ఆ ఇంటికే మోసుకెళ్లేది. చావింట్లో ఆ పూట పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కల వాళ్లే పెట్టాలి. చుట్టుపక్కల వాళ్లంటే పేటలో మల్లమ్మే.

అలా ఊరందరికీ ఏడ్చిన మల్లమ్మ తన మొగుడికి మాత్రం ఏడవలేదు.

నిజాం ఇలాకాలో గడబిడ జరిగిన ఏడు జనమంతా అటునుంచి సోలాపూర్‌కు పారిపోయి వస్తుంటే, ఆమె మొగుడు సిద్ధరాములు ఒక్కడే వాళ్లకు ఎదురు నడిచాడు. సిద్దిపేట పక్క పల్లెలో తల్లి ఒంటరిగా ఉన్నది, తీసుకొస్తానన్నాడు. తల్లి ఎవరి బండిలోనో ఎక్కి తనంతట తానే వచ్చి చేరింది. కొడుకు తన దాకా రానే లేదని చెప్పింది. ఆ బెంగతోనే ముసలమ్మ రెండేళ్లకు పోయింది, ఆమెకూ మల్లమ్మే శోకం పెట్టింది. సిద్ధరాములును మాత్రం చచ్చాడన్నవాడూ లేడు, చూశానన్నవాడూ లేడు.

మరిది పెంటయ్య ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాసకు వచ్చి అదే మాట అడిగేవాడు. "వదినా, అన్నకు కర్మ చేద్దాం. పోయినోడు ఆకలితోని తిరుగుతుండు. ఇంత ముద్దన్నా పెట్టనియ్యి."

"నేను శోకం పెట్టిన్నా? పెట్టలే. పెట్టందాక ఆయన పోలే" అనేది మల్లమ్మ.

బతికున్నవాడికి శోకం పెట్టకూడదన్నది పేటలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి. పెడితే చావు ఆ పేరు విని వెతుక్కుంటూ వస్తుంది. మల్లమ్మ దాన్ని తిరగేసి పట్టుకుంది. తాను నోరు విప్పనంత కాలం మొగుడు ఎక్కడో ఒకచోట బతికే ఉంటాడు. అందుకే బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు, సగం ఇల్లు ఆక్రమించిన ఆయన గుంట మగ్గాన్ని ఎవరికీ ఇవ్వలేదు. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. పెంటయ్యకు విసుగొచ్చింది కాని ఆమెకు రాలేదు. మొండితనంలో ఆమెకు సరిజోడు పేటలో లేరు.

జోడ్‌భావి పేట్ చివర తెలుగువాళ్లదొక రేకుల చర్చి ఉండేది. మెదక్ వైపు నుంచి వచ్చిన యోహాను ఉపదేశి దాన్ని నడిపేవాడు. పందొమ్మిది వందల యాభై ఏడులో ఈస్టరుకు నాటకం వేయాలని ఆయనకు బుద్ధి పుట్టింది. సంఘంలో ఇళ్లు పట్టుమని పది లేవు, ఉన్నవాళ్లలో సగం మంది నలుగురిలో నోరు విప్పమంటే జ్వరం తెచ్చుకునే రకం. ఇక లాభం లేదని ఆయన పేటలోని సాలె ఇళ్ల మీద పడ్డాడు. సాలెవాళ్లకు నాటకమంటే చాలు, అది ఏ దేవుడిదని అడగరు. భజన మండలి లింగయ్య హార్మోనియం మోసుకొచ్చాడు. మల్లేశం, అంబాదాస్ రోమా సిపాయిలయ్యారు. నేసిన చద్దర్లే తెరలయ్యాయి, గుహ అయ్యాయి, హేరోదు కొలువు కూడా అయ్యాయి.

యేసు దొరకడం కష్టం కాలేదు. సుందరాబాయి ఒక్కగానొక్క కొడుకు యాదగిరి కిందటేడు విషజ్వరం వచ్చి కాటి దాకా వెళ్లి తిరిగొచ్చాడు. పిల్లవాడు లేచి తిరిగితే తలనీలాలు ఇస్తానని తల్లి యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుంది. ప్రయాణం కుదరక జుట్టు భుజాల దాకా వచ్చింది, గడ్డమూ పెరిగింది. వాడిని చూడగానే ఉపదేశి, దేవుడే పంపాడన్నాడు. ఏ దేవుడన్నది మాత్రం తేల్చలేదు.

చిక్కొచ్చింది ఏడ్చే ఆడవాళ్ల దగ్గర. సమాధి ముందు ఏడవండమ్మా అంటే సంఘం ఆడపిల్లలు కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమని నవ్వారు. లింగయ్యకు ఒళ్లు మండింది.

"గిట్ల కాదు అయ్యగారూ, మా మల్లమ్మను పిలువున్రి. ఆమె ఏడిస్తే నీ సిపాయిలు గూడ ఏడుస్తరు."

ఉపదేశి వెళ్లేసరికి మల్లమ్మ ఆకు కత్తిరిస్తోంది. నాటకంలో ఏడవాలి, యేసుప్రభువుకు, అని ఆయన చెప్పాడు.

"నాకు ఎరుక లేని మనిషికి ఎట్ల ఏడుస్త అయ్యగారూ? ముందుగాల ఆయన కత చెప్పున్రి. ఏ ఊరు, ఏం పని చేసెటోడు, తల్లెవరు, ఏం తినేటోడు?"

ఇన్నేళ్ల ఉపదేశంలో ఆయనను ఈ ప్రశ్నలు అడిగినవాళ్లు లేరు. పాపం, గడప మీద చతికిలబడి మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. కర్ర కోసే వడ్లపని అనగానే, "అయితే మగ్గాలు గూడ చేసే ఉంటడు" అని ఆమె తానే ఒక మాట కలుపుకుంది. చేపలంటే ఇష్టమని విని తలూపింది. తల్లి చూస్తుండగా చంపారనేసరికి కత్తెర ఆగింది.

"ఏడ్చిన్రా?"

"మస్తు ఏడ్చిన్రు అమ్మా. మూడోనాడు ఆయన లేసిండు."

"ఏడ్చినంకనే లేసిండా? ఏడ్వక ముందా?"

"ఏడ్చినంకనే. ఏడ్చుకుంట పోయి చూస్తే సమాధి ఖాళీ."

మల్లమ్మ మళ్లీ ఆకు కత్తిరించసాగింది. ఆ లేవడాన్ని ఆమె నమ్మలేదు. అంతమంది శవాల కాళ్ల దగ్గర కూర్చున్న మనిషి, ఒక్కరూ లేవలేదని ఆమెకు తెలిసినంత బాగా ఎవరికి తెలుస్తుంది? కాని ఏడిస్తే చస్తారన్న మాటే ఇన్నాళ్లూ వింది. ఏడ్చినంత మాత్రాన మనిషికి ఏమీ కాదని చెప్పే కథ ఒకటి ఉన్నదని ఆమెకు తెలియదు. తొమ్మిదేళ్లుగా నోట్లో కుక్కుకున్న గుడ్డ కొద్దిగా వదులైనట్టయింది.

"వస్త" అన్నది.

ఈ సంగతి తెలియగానే సుందరాబాయి ఇంటి మీదికి వచ్చింది. "ఏమే మల్లమ్మా, కాటికి పోయి మళ్లొచ్చిన పిలగాడు వాడు. వాని మీద శోకం పెడ్తవా? నీకు చేతులెట్ల వస్తయే?"

"వాని పేరు తియ్య అక్కా."

"పేరు తియ్యకుంటే ఏంది? ఆడ పండుకునేది నా కొడుకే గద!"

ఉపదేశి మధ్యలో పడి ఒక ఉపాయం చెప్పాడు. సిలువ మీంచి దించిన యాదగిరిని తెల్లగుడ్డలో చుట్టి గుహలో పడుకోబెట్టగానే తెర దించుతారు. ఆ సందులో వాడు గుడ్డలోంచి జారుకుని వెనక కిటికీ గుండా బయటికి పోతాడు, వాడి చోట చుట్టిన పరుపు పెడతారు. తెర లేచాక మల్లమ్మ పరుపుకు ఏడుస్తుంది.

"పక్కా?" అన్నది సుందరాబాయి.

"పక్కా" అన్నాడు ఉపదేశి.

ఈస్టరు ఆదివారం పొద్దు వాలాక నాటకం మొదలైంది. భవాని పేట్ సగం అక్కడే ఉంది. సుందరాబాయి ముందు వరసలో, పెంటయ్య గోడ పక్కన నిలబడి. అంతా బాగానే నడిచింది. సిలువ దగ్గర యాదగిరి దాహమన్నప్పుడు ఒక ముసలమ్మ నిజంగానే చెంబు పట్టుకుని లేచింది.

తప్పు జరిగింది గుడ్డ చుట్టే దగ్గర. రిహార్సళ్లలో గుడ్డను ఊరికే చుట్టి వదిలేసేవాళ్లు. ఇంతమంది ముందు జారిపోతే నవ్వులపాలవుతామని మల్లేశం, అంబాదాస్ ఆ రోజు భుజాల దగ్గర, నడుము దగ్గర, కాళ్ల దగ్గర నూలుతో కట్టారు. కట్టడం కూడా చేతికి అలవాటైన ముడే వేశారు. మగ్గం మీద పడుగు పోగు తెగితే అతికే ముడి అది. ఎంత గుంజితే అంత బిగుసుకుంటుంది తప్ప ఊడదు. దానికి ఆ గుణం లేకపోతే బట్టే లేదు. తెర వెనక ఇద్దరు సిపాయిలూ గోళ్లతో గీకారు, పళ్లతో కొరికారు. ఒక్క ముడీ ఊడి రాలేదు. లింగయ్యకు ఇవేమీ తెలియవు, పాట ముగించి సైగ చేశాడు. తెర లేచింది. సిపాయిలు యేసును వదిలి కిటికీ గుండా తామే పారిపోయారు.

మల్లమ్మ వచ్చి మూట కాళ్ల దగ్గర కూర్చుంది. మరియమ్మ కొడుకా అని పిలిచింది. వడ్లపని చేసిన చేతులకు మొలలు కొట్టిరా అన్నది. ఆడవాళ్లంతా కొంగులు తీశారు.

"అమ్మ చూడంగ పోతివి కొడుకా, అమ్మనిడిసి పోతివి... అమ్మను తోల్కొస్తనని పోతివి..."

అక్కడ ఆమె గొంతు మారింది.

"అమ్మొచ్చె, నువ్వు రాకపోతివి. ఓ సిద్ధరాములూ, తొవ్వ మరిసిపోతివా నా రాజా..."

సరిగ్గా అప్పుడే సుందరాబాయి కంట గుడ్డ చివర బయటపడ్డ బొటనవేలు పడింది. పరుపుకు బొటనవేలుండదు. "అయ్యో, నా కొడుకే!" అని ఒక్క అరుపు అరిచి, నడుముకు దోపుకున్న బీడీల కత్తెర తీసి వేదిక ఎక్కింది. ముడుల జోలికి పోకుండా నూలే కరకర కత్తిరించి, "లే బిడ్డా, లే లౌకర్, జల్ది లే!" అని కొడుకును లాగి నిలబెట్టింది. యాదగిరి జుట్టు విరబోసుకుని బిత్తరచూపులు చూస్తూ నిలబడ్డాడు. జనం అదే పునరుత్థానం అనుకుని చప్పట్లు కొట్టారు. ఉపదేశి చెయ్యి ఊపాడు, లింగయ్య హార్మోనియం ఎత్తుకున్నాడు.

మల్లమ్మ ఆగలేదు. ఎత్తుకున్న శోకాన్ని మధ్యలో వదలకూడదు. లేచి నిలబడ్డ యేసును ఆమె చూడను కూడా లేదు. మగ్గం మీద నాడె విసిరిన చేతులేమాయె అన్నది. చింతచిగురు పప్పు వండితే రెండోసారి అడిగేవాడివి అన్నది. నీకు ఎవరు ఇంత మట్టి వేశారో, ఎవరూ వేయలేదో అన్నది. మొదట హార్మోనియం ఆగింది, తర్వాత చప్పట్లు ఆగాయి. గోడ పక్కన పెంటయ్య తలపాగా విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె అన్నీ చెప్పి, ముగించి, మొహం తుడుచుకుంది. అప్పుడు చూసింది, కొడుకును కరుచుకుని ఇంకా వదలని సుందరాబాయిని.

"భయపడకు అక్కా. నీ కొడుకుకు కాదు, నా మొగనికి పెట్టిన" అన్నది.

భయపడకండి, ఆయన ఇక్కడ లేడు, లేచాడు అని ఖాళీ సమాధి దగ్గర దేవదూత చెప్పాల్సిన మాటలు ఆ ఏడు ఎవరూ చెప్పలేదు.

మల్లమ్మ ఇంటికి వెళ్లి గడపలో కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. పెంటయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు కాని ఏమీ అడగలేదు. చావింటికి అన్నం మోసే మనిషింట్లోనే చావైతే ఎవరు తేవాలో పేటలో ఎవరికీ తోచలేదు. దీపాలు పెట్టే వేళకు సుందరాబాయి గిన్నె పట్టుకుని వచ్చింది, వెనక చెంబుతో యాదగిరి. ఆమె కంచంలో వడ్డించి ముందు పెట్టింది.

"తిను చెల్లె" అన్నది.

మల్లమ్మ చాటలోంచి పెద్ద తునికాకు ఒకటి ఏరి తీసింది. మొదటి ముద్ద దాని మీద పెట్టి పెంటయ్య చేతికిచ్చింది.

"బయట పెట్టు పెంటయ్యా. మీ అన్న తొమ్మిదేండ్ల సంది ఆకలితోని ఉన్నడు."