స్టోర్సులో పడ్డ గేటు పాసు

ఇవాళ పొద్దున్న మా మేనల్లుడు కార్ఖానాకి డ్యూటీకని వెళ్ళి గంట తిరక్కుండానే బారిడీహ్‌లో మా ఇంటికి వచ్చేశాడు. గేటు పాసు ఫోన్లోకి రాలేదట. ఎందుకు రాలేదురా అంటే, "సర్వర్ డౌన్ హై, మామా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, వాడి మీద కాదు.

మా రోజుల్లో కాంట్రాక్టు వాళ్ళకి ఏ రోజుకారోజు ఇచ్చే ఆ పాసులు కాగితాలే. నేను కొత్తగా చేరిన ఆఫీసులో ఉన్న ఒక్క కంప్యూటరు మీదా పొద్దున్న గేటు వాళ్ళూ మధ్యాహ్నం స్టోర్సు వాళ్ళూ పనిచేసేవారు గనక, ఎవరు కూర్చుంటే వాళ్ళ ఫైళ్ళుండే డ్రైవూ వాళ్ళ ప్రింటరూ తగులుకునేట్టు, లేచేటప్పుడు ఊడిపోయేట్టు ఒక ప్రోగ్రాం రాశాను. రాయడానికి పట్టినంతసేపు పట్టలేదు ఆ గర్వం అణగడానికి. మన తరం వాళ్ళకి చెప్పాలా, షిఫ్టు దిగే సైరన్ కూస్తే ఎవరు ఆగుతారు? స్టోర్సు వాళ్ళు ప్రోగ్రాం మూసే ఓపిక లేక గోడమీద స్విచ్చి ఆపేసి సైకిలెక్కేవారు. ప్రోగ్రాంలో కనెక్షన్ తీసేసే లైన్లు నడిచేవే కావు, స్టోర్సు కనెక్షన్ అలాగే ఉండిపోయేది, దాంతో మర్నాడు గేటు పాసులన్నీ యార్డు అవతల స్టోర్సు ప్రింటర్లో పడేవి. బతిమాలాను, కసిరాను, స్విచ్చి పక్కన కాగితం అంటించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

చివరికది మా చిన్న మావయ్య మెడకి చుట్టుకుంది. ఆయన బిర్సానగర్ నుంచి వచ్చే కాంట్రాక్టు ఫిట్టరు. జ్వరాలతో నాగాలు పెట్టి, ఇంకొక్క నాగా పడితే పేరు కొట్టేస్తానని ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, చేత అప్పటికే అనిపించుకున్న మనిషి, ఆవేళ పాసు లేక గేటు బయట నిలబడిపోయాడు. షిఫ్టు మొదలైపోయాక గేటు పక్కనున్న మా ఆఫీసులోకొచ్చి అందరి ముందూ, "ఏటల్లుడూ, నీ మిషను తగలెయ్య, నా కూడు తీసీసినావు కదరా" అన్నాడు. స్టోర్సుకి పరిగెత్తి పాసు తెచ్చి, ఆయన్ని వెంటబెట్టుకుని ఠేకేదారు దగ్గరికి పోయి, తప్పు మా ఆఫీసుది, ఈయనది కాదని గట్టిగా చెబితే గొణుక్కుంటూనే పేరు ఉంచాడు. ఆ సాయంత్రమే ప్రోగ్రాం తిరగరాశాను, కొత్త కనెక్షన్ కలిపేముందు పాతదేదున్నా తెంచెయ్యమని. మనుషులు మారరు గనక ప్రోగ్రామే మారాలని అప్పటికి బుర్రకెక్కింది.

ఇప్పుడు స్విచ్చి ఆపేవాళ్ళు లేరు, ప్రింటరు వెతికే పనీ లేదు. మేనల్లుడి తరఫున మాట్లాడదామని యాప్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, చివరికి ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. ఆవేళ మావయ్య తిట్లు నా మొహాన పడ్డాయి, పడ్డాయి కనకనే ఆయన పేరు నిలిచింది. వీడికి తిట్టడానికైనా ఒక మనిషి లేడు.