పప్పుకుండ అడుగు

నిన్న జమ్మికుంటలో మా నాన్న తమ్ముడు చిన్నబాపు ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. పురిటికి వచ్చిన ఆయన మనుమరాలు బిడ్డను చంకన వేసుకుని కుక్కర్ మూత తీసింది. పైన పచ్చటి తేట, అడుగున పప్పు. రోజూ ఒక గుడ్డు, గట్టి పప్పు తినమని డాక్టరమ్మ చెప్పిందట.

"మా కాలంల గీ ప్రొటీన్ల ముచ్చట ఎవలకెరుక బిడ్డా? ఆడోళ్లు గింత పప్పు తినే ఇంటెడు పిల్లల్ని సాకిండ్రు," అన్నాడు చిన్నబాపు.

నా ఈడు మిత్రులారా, మీ ఇళ్ళల్లో పప్పుకుండ గుర్తుందా? పొగకు నల్లబడిన మట్టికుండ, వెల్లుల్లి పోపు వాసన, కొబ్బరిచిప్ప గంటె. మా ఇంట్లో మగవాళ్ళు తినేదాకా ఆ కుండ కలపకూడదు. "కలపకే, అడుగు పప్పు మొగోళ్లకు," అంటూ నాయనమ్మ పొయ్యి పక్కనే కాపలా కూర్చునేది. బాపుకూ చిన్నబాపుకూ ముద్దపప్పు పోయేది. ఎనభై దాటినా చిన్నబాపు ఎముకలు గట్టిగా ఉండటంలో వింతేమీ లేదు. మిగిలిన పసుపునీళ్ళతో నన్ను కన్న అవ్వ జొన్న గటక తినేది. ఆ కంచంలోనే నేనూ తిన్నాను.

చెల్లె పుట్టిన ఏడు అవ్వకు పాలు పడలేదు. "ఏం తల్లివే, పాలే లేవు," అని నాయనమ్మ వాకిట్లో నలుగురికీ వినపడేలా అనేది. చెల్లె పాకడం నేర్వకముందే పోయింది.

"మా అవ్వ పప్పు తినలే చిన్నబాపూ. నువ్వు తిన్నవు," అన్నాను.

"ఎప్పటి ముచ్చటరా గది? అన్నం తిను," అంటూ ఆయన కంచం ముందుకు జరిపాడు.

మనుమరాలు గంటె అడుగుదాకా దించి, గట్టి పప్పు తీసి, ముందు ఆయనకే వేసింది.