మూడో ఆకు

మొన్న మా చిన్నకోడలు ఇంట్లోనే సకినాలు, గారెలు చేసి అమ్మే వ్యాపారం పెడుతున్నానని, దానికి ఏ లోగో బాగుంటుందో చెప్పమని ఫోన్ నా చేతిలో పెట్టింది. తెరమీద నాలుగు బొమ్మలున్నాయి, నాలుగూ ముచ్చటగానే ఉన్నాయి, సరిగ్గా అక్కడే నాకు అనుమానం మొదలైంది. ఎవరు గీశారంటే ఎవరూ గీయలేదు, ఫోనే గీసిచ్చింది అంది. ఇదే బొమ్మను అది ఇంకో నలుగురికి ఇవ్వలేదని నమ్మకమేమిటి అన్నాను. కళ్లెదుట గేదెను పితికి ఇచ్చిన పాలలో కూడా వేలు ముంచి చూసే మనిషిని నేను. నా ఈడువాళ్లలో సగం మంది ఇంతే కాబట్టి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

సిద్దిపేటలో దుకాణాల బోర్డులు రాసి బతికినవాణ్ణి కనుక, మంచి గుర్తు ఎలా ఉండాలో నేనే ఆమెకు చెప్పబోయాను.

పెళ్లయిన కొత్తలో నేనూ మా బామ్మర్దీ, అంటే మా ఆవిడ తమ్ముడూ, కలిసే పని చేసేవాళ్లం. కాగితం మీద నేను బొమ్మ గీస్తే, ఆ గీత వెంట అతను సూదితో సన్నగా పొడుచుకుంటూ పోయేవాడు. ఆ కాగితాన్ని గోడకు ఆనించి, బొగ్గుపొడి మూటతో తడితే గోడమీద చుక్కలు పడతాయి, ఆ చుక్కల వెంట రంగు వేస్తాం. వానలకు గోడ వెలిసిపోతే మళ్లీ అవసరమవుతుందని కాగితాలు దాచేవాళ్లం. ఎవరు పొడిచిన కాగితం వాళ్లింట్లోనే ఉండాలన్నది మా పనివాళ్లలో ఆనవాయితీ.

ఆ రోజుల్లో ఒక విత్తనాల సేటు మమ్మల్ని పిలిచి, చదువురాని రైతు కూడా కదిలే బస్సులోంచి చూసి ఇదే మన దుకాణం అనుకోవాలి, అలాంటి గుర్తు కావాలన్నాడు. వారం రోజులు కాగితాలు ఖరాబు చేసి, చివరకు పగిలిన పత్తికాయ, దాని కింద ఆకులు గీశాను, రెండే రంగులు. ఆ గుర్తు జనం నోట ఎంత నిలిచిందంటే, దుకాణం పేరు ఎవరూ అడిగేవారు కాదు, పత్తికాయ బొమ్మ దుకాణం ఎక్కడ అనే అడిగేవారు.

మరుసటి ఏడు హుస్నాబాద్‌లో ఇంకో దుకాణం మీద అదే పత్తికాయ కనిపించింది. బొమ్మను నువ్వే అమ్ముకున్నావని సేటు నామీద మండిపడ్డాడు. పొడిచిన కాగితం ఉన్నదేమో బామ్మర్ది ఇంట్లో, ఇంక నాకు వేరే రుజువు అక్కరలేకపోయింది. అదే నెలలో అతను కొత్త సైకిలు కొన్నాడు, అదీ సాక్ష్యమే అయింది. నన్ను చూసి నవ్వితే తప్పు దాచుకుంటున్నాడని, నవ్వకపోతే భయపడుతున్నాడని అనుకున్నాను. అంత అనుమానపడ్డవాణ్ణి, నోరు తెరిచి ఒక్కమాట అడగలేదు. పనికి పిలవడం మానేశాను, అంతే. కొన్నాళ్లు చూసి అతను కుంచె వదిలేసి మర్కూక్ అనే ఊరు చేరి ఆటో నడుపుకున్నాడు. అప్పటినుంచి మా ఆవిడ తమ్ముడింటికి ఒక్కతే పోయి వచ్చేది.

మొన్న ఈ గొడవంతా కోడలికి చెప్పలేదు, నా పనితనం ఒక్కటే చెబుతూ వచ్చాను. కాగితం మీద మూడు ఆకులు గీశానమ్మా, గోడమీద వేశాక రోడ్డు అవతల నిలబడి చూస్తే గజిబిజిగా ఉంది, అక్కడికక్కడే ఒక ఆకు మీద సున్నం కొట్టేస్తే అప్పుడు తేటపడింది అంటూ ఉండగా నా మాట ఆగిపోయింది. హుస్నాబాద్ బోర్డు మీద నేను చూసినవి రెండాకులే. అది కాగితం నుంచి పోయిన బొమ్మయితే మూడుండాలి. ఎవరో బస్సులో పోతూ మా గోడ చూసి గుర్తు పెట్టుకుని వేయించుకున్నారు. ఒక్క చూపుకే గుర్తుండిపోవాలని గీసిందీ నేనే, గుర్తుండిపోయినందుకు ఇంటి మనిషిని దొంగను చేసిందీ నేనే.

మర్నాడే మర్కూక్ పోయాను. బామ్మర్ది అరుగుమీద కూర్చుని ఉన్నాడు, జుట్టంతా తెల్లబడింది. ఆకుల సంగతి చెప్పి, నాదే తప్పని చెయ్యి పట్టుకున్నాను. అతను ఆశ్చర్యపోలేదు.

“గది నాకు గప్పుడే ఎరుక బావా. నేను పొయ్యి సూసొచ్చిన, రెండాకులే ఉండె. నువ్వు అడిగితె సూపిద్దమని కాయితం తీసి పెట్టుకున్న. నువ్వు అడుగకపోతివి.”

అంతే అని, లోపలికి చాయ్ పెట్టమని కేకేశాడు.

ఇప్పుడు మా ఊళ్లో గోడకు కుంచె ఆనించేవాడు కనబడటం లేదు, పొద్దున అనుకున్న బోర్డు మాపటికల్లా అచ్చై వేలాడుతోంది. కోడలి సకినాల బొమ్మను రేపు ఎవరైనా ఎత్తుకుపోతే, ఆమె ఎవరింటికి పోయి అడుగుతుంది? మా కాలంలో ప్రతి గుర్తు వెనకా ఒకరి గీత, ఒకరి సూదిపోటు ఉండేవి, సందేహమొస్తే సైకిలెక్కి పోయి అడిగేంత దగ్గర్లో మనిషి ఉండేవాడు. అంత దగ్గర్లో ఉన్న మనిషిని నేను అడగలేదు.