స్టెబిలైజర్ కాపాడని పాట

మా అన్న డీటీపీ షాపులో కంప్యూటర్ ఈ రోజు కాలిపోయింది. రెడీమేడ్‌గా కొన్నదానికి కొత్త డిస్కు, సీడీ డ్రైవు తగిలించాడు గానీ, లోపలి పవర్ సప్లై పాతదే ఉంచాడు. అది ఆగిపోయినప్పుడల్లా మా ఊరు ఖేడ్ కరెంటును తిట్టి, చివరికి పెద్ద స్టెబిలైజర్ తెచ్చాడు.

"గింత పెద్ద స్టెబిలైజర్ ఉండంగ ఎట్ల కాలిపాయె?" అని మెకానిక్‌ను అడిగాడు.

"బయట ఎంత కరెంటుంటే ఏంది? లోపలి పాత సప్లై గిన్ని కొత్త సామాన్లను మోస్తదా? పోతూ డిస్కును గూడ తీస్కపాయె."

చనిపోయిన మా అమ్మ పాడిన బోరంచ ఊరి పోచమ్మ తల్లి పాట ఆ డిస్కులోనే ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కింది కదా అని ఆ పాట ఉన్న పాత క్యాసెట్ మీద అన్న సినిమా పాటలు నింపేశాడు.

సాయంత్రం బాపు రోజూలాగే షాపుకు వచ్చి కూర్చున్నాడు.

"ఇగ వెయ్యి బిడ్డా, మీ అమ్మ పాట."

"కరెంట్ లేదు బాపూ," అన్నాడు అన్న.

నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. బాపు దాన్నొకసారి చూసి, లేచి వెళ్ళిపోయాడు. రేపు వస్తే ఏం చెప్పాలో మీరే చెప్పండి.